రోజుకి నూరు: యూదుల కృతజ్ఞతలో లెక్క, కొలత, చూపు

అందరికీ నమస్కారం. కృతజ్ఞత అనగానే మనకు మనసు నిండిపోవడం, గొంతు పూడుకుపోవడం, అలాంటివి గుర్తొస్తాయి. యూదుల ధర్మశాస్త్రం, అంటే హలాఖా, ఈ విషయాన్ని మనసు తోచినప్పటికి వదిలెయ్యలేదు. అంకె పెట్టింది. పాతకాలపు యూదు పండితుల చర్చల గ్రంథం తల్ముద్‌లో మెనాహోత్ అనే భాగంలో 43వ పత్రం వెనకవైపు రబ్బీ (గురువు) మేయిర్ చెప్పిన మాట ఉంది: మనిషి రోజుకి నూరు బెరాఖాలు చెప్పాలి. బెరాఖా అంటే "బారూఖ్ అత్తా" అని మొదలయ్యే స్తుతి వాక్యం. ఒక ముక్క ముందే చెప్పేస్తాను: నేర్పేటప్పుడు, ఇలా సభల్లో చెప్పేటప్పుడు అందులోని దేవుడి నామాన్ని ఉచ్చరించరు, దాని బదులు "హషెమ్" అంటారు. నేనూ అలాగే అంటాను.

నూరు ఎలా అవుతాయో చూడండి. మామూలు రోజున మూడు పూటలా నిలబడి చేసే ప్రార్థన ఉంది, అమిదా అంటారు. అందులో 19 బెరాఖాలు. మూడు పూటలకి 57. షెమా, అంటే దేవుడొక్కడే అని చాటే లేఖన వాక్యాలు, వాటి పఠనానికి ముందూ వెనకా కలిపి పొద్దున 3, రాత్రి 4. రొట్టెతో భోజనం చేస్తే ఒక్కో భోజనానికి 6: చేతులు కడుక్కున్నందుకు ఒకటి, రొట్టెకి ఒకటి, తిన్నాక నాలుగు. రెండు భోజనాలకి 12. ఇక్కడికి 76 అయ్యాయి. నిద్ర లేచాక వరసగా చెప్పేవి, ధర్మగ్రంథమైన తోరా చదివే ముందు చెప్పేవి, పడుకునే ముందు చెప్పేది, మధ్యలో తిన్న పండు, తాగిన టీ, ఇవన్నీ కలిస్తే నూరు నిండిపోతుంది.

చిక్కంతా శనివారమే. అమిదాలో మధ్యనుండే 13 బెరాఖాలు కోరికలు: ఆరోగ్యం, వానలు, పంటలు, న్యాయం. షబ్బాత్, అంటే శనివారపు విశ్రాంతి దినం, అడుక్కునే రోజు కాదు కాబట్టి ఆ 13 తీసేసి వాటి స్థానంలో ఆ రోజుకి సంబంధించినది ఒక్కటే చెప్తారు. మొత్తం 7. ముసాఫ్ అనే అదనపు ప్రార్థనతో కలిపి నాలుగుసార్లు చెప్పినా 28 దాటవు. అంటే మామూలు రోజు కన్నా 29 తక్కువ. మూడో భోజనం కొంత పూడుస్తుంది. మిగతా లోటు సంగతి కూడా ఆ పత్రంలోనే ఉంది: రవ్ హియ్యా బర్ రవ్ అవ్యా షబ్బాతులకీ పండగలకీ సుగంధద్రవ్యాలతో, రుచిగల చిరుతిళ్లతో ఆ లోటు నింపుకునేవాడట. సువాసనకీ బెరాఖా ఉంది మరి. మల్లె, గులాబీ లాంటి కాండం గట్టిపడే మొక్కల వాసనకి ఒకటి, పచ్చి మొక్కల వాసనకి ఇంకొకటి.

అంకె నిండాలి కదా అని ఒక పండు ముక్కకి చెప్పి, కాసేపు బయటికెళ్లి వచ్చి, ఇంకో ముక్కకి మళ్లీ చెప్తే కుదరదు. అవసరం లేని బెరాఖా చెప్పడం నిషేధం. నా దృష్టిలో నూరు అనే అంకె కన్నా ఈ నిషేధమే పెద్దది. ఎందుకంటే దీనివల్ల ప్రతి బెరాఖా వెనకా ఒక నిజమైన వస్తువో, నిజమైన సంఘటనో ఉండి తీరాలి. ఎదురుగా ఏముందో చూడకుండా ఒక్కటీ చెప్పలేరు.

పొద్దున్నుంచి వద్దాం. కళ్లు తెరవగానే, మంచం మీదే, "మోదె అని" అని మొదలయ్యే ఒక్క వాక్యం. ఆడవాళ్లు "మోదా అని" అంటారు. హీబ్రూలో 12 మాటలు: నా ప్రాణాన్ని కరుణతో తిరిగి నాకిచ్చావు, నీ విశ్వసనీయత గొప్పది అని. ఇందులో దేవుడి నామం లేదు. అందుకే చేతులు కడుక్కోకముందే చెప్పొచ్చు. తర్వాత చెంబుతో నీళ్లు, ముందు కుడిచేతి మీద, తర్వాత ఎడమ, మళ్లీ కుడి, ఇలా ఒక్కో చేతికి మూడేసిసార్లు.

ఆ తర్వాత వచ్చేది చాలామంది బయటివాళ్లను ఆశ్చర్యపరిచే బెరాఖా: "అషెర్ యాత్సర్". మరుగుదొడ్డికి వెళ్లొచ్చి, చేతులు కడుక్కుని, బయట నిలబడి చెప్పేది. తల్ముద్‌లో బెరాఖోత్ అనే భాగం 60వ పత్రంలో అబ్బయే అనే పండితుడి పేరుతో ఉంది. మనిషిని వివేకంతో రూపుదిద్ది అతనిలో రంధ్రాలు, నాళాలు సృష్టించావు, మూసి ఉండాల్సింది తెరుచుకున్నా, తెరిచి ఉండాల్సింది మూసుకుపోయినా నీ ముందు నిలబడటం సాధ్యం కాదు, ఇదీ భావం. రోజుకి ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు చెప్పాలి. మూత్రంలో రాయి అడ్డుపడినవాళ్లకి ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. పెద్ద మేళ్లకి దండం పెట్టడం ఎవరైనా చేస్తారు. సరిగ్గా పనిచేస్తున్నంతకాలం ఎవరూ పట్టించుకోని సంగతి మీద ఈ బెరాఖా చూపు నిలబెడుతుంది.

ఇక తిండి. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే తప్పులు జరిగేది ఇక్కడే.

రొట్టెకి "హమోత్సీ". గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాల పిండితో చేసిన కేకులు, బిస్కెట్లు వగైరాకి "మెజోనోత్". ద్రాక్షరసానికి, వైన్‌కి "హగాఫెన్". చెట్టున కాసిన పండుకి "హాఎత్స్". నేలన పండినదానికి "హాఅదామా". నీళ్లు, పాలు, మాంసం, గుడ్డు, చక్కెర, వీటన్నిటికీ "షెహకోల్". పండుని కుడిచేత్తో పట్టుకోవాలి, చెప్పాలి, వెంటనే కొరకాలి. చెప్పడానికీ కొరకడానికీ మధ్య మాట్లాడితే బెరాఖా తెగిపోయినట్టే, మళ్లీ చెప్పాలి. పక్కవాళ్లు వింటే ఆమేన్ అంటారు. చెప్పినవాడు తన దానికి తాను అనడు.

అరటిపండుకి ఏది చెప్పాలి? మనందరం అరటిచెట్టు అనే అంటాం. కానీ హలాఖా అడిగేది పేరు కాదు: కాయ కాసిన కాండం నిలిచి ఉండి, మళ్లీ ఏడాది దానికే కాస్తుందా? మన తోటల్లో ఏం చేస్తాం? గెల కోశాక బోదె నరికేస్తాం, పిలక పెరిగి మళ్లీ గెలేస్తుంది. బోదె రెండోసారి కాయదు. కాబట్టి అరటికి "హాఅదామా". పదహారో శతాబ్దపు ధర్మస్మృతి షుల్హాన్ అరూఖ్‌లోనే ఇది తేల్చేశారు. అనాసకీ అంతే. కొబ్బరికి "హాఎత్స్", కొబ్బరినీళ్లకి "షెహకోల్". వేరుశెనక్కి "హాఅదామా". బొప్పాయి దగ్గర పండితులకి వాదన ఉంది. అలా చెట్టా, మొక్కా అని తేలనప్పుడు "హాఅదామా" చెప్పమంటారు.

ఎందుకంటే తప్పు రెండు వైపులా సమానం కాదు. చెట్టుపండుకి పొరపాటున "హాఅదామా" అంటే చెల్లుతుంది, చెట్టు కూడా నేలలోంచి వచ్చిందే కాబట్టి. దోసకాయకి "హాఎత్స్" అంటే చెల్లదు. అది చెట్టున కాయలేదు, చెప్పింది అబద్ధం. దేనికైనా "షెహకోల్" అనేస్తే, జరిగిపోయాక చెల్లుతుంది, నీ మాటతోనే సమస్తం కలిగింది అనే కదా దాని అర్థం. మరి అన్నిటికీ అదే చెప్పేస్తే పోలేదా? పోదు. తెలుసుకోకుండా గుండుగుత్తగా చెప్పడాన్ని ముందే అనుమతించరు, వెళ్లి నేర్చుకోమంటారు. బెరాఖా చెప్పేశాక చేతిలో తినేదేమీ లేదని తెలిస్తే, అది వృథాగా నామం పలికినట్టు. వెంటనే "బారూఖ్ షేమ్ కెవోద్ మల్ఖుతో లెఓలామ్ వాఎద్", ఆయన రాజ్యమహిమ నామానికి ఎప్పటికీ స్తుతి, అంటారు.

ఇప్పుడొకరు అన్నం సంగతేమిటని అడిగారు. మంచి ప్రశ్న. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయిం అని చెప్పుకుంటూ యూదు ఆచారాలు పాటించే తెలుగువాళ్ల సినగాగు, అంటే ప్రార్థనాలయం, ఉంది. అలాంటిచోట ఇది పూటపూటా వచ్చే ప్రశ్న. వరి ఆ ఐదు ధాన్యాల్లో లేదు. కానీ ఆకలి తీర్చి నిలబెడుతుంది కాబట్టి తల్ముద్ దానికి ముందు "మెజోనోత్" ఇచ్చింది. తిన్నాక మాత్రం ధాన్యపు బెరాఖా ఇవ్వలేదు. చిన్నదైన "బోరే నెఫాషోత్" చాలు. పప్పో పులుసో అన్నంలో కలుపుకు తింటే అన్నమే ప్రధానం, కలిసినదానికి వేరే అక్కర్లేదు. రొట్టెతో మొదలుపెట్టిన భోజనమైతే "హమోత్సీ" ఒక్కటే అన్నాన్నీ కూరనీ కూడా కవరు చేస్తుంది.

మామిడిపండుకి "హాఎత్స్"తో పాటు ఇంకోటి ఉంది. సీజన్‌లో మొదటిసారి తింటున్నప్పుడు "షెహెహెయాను": మమ్మల్ని బతికించి, నిలబెట్టి, ఈ వేళకి చేర్చావు అని. ఏటా మొదటి బంగినపల్లికి చెప్పొచ్చు. పన్నెండు నెలలూ దొరికే అరటికి చెప్పరు.

తిన్న తర్వాతి బెరాఖాకి కొలత కావాలి. ఘనమైతే కెజాయిత్, ఆలివ్ కాయంత అని. వాడుకలో ఉన్న లెక్కల్లో ఒకటి సుమారు 27 నుంచి 30 మిల్లీలీటర్ల పరిమాణం. అదీ కొన్ని నిమిషాల్లోపు తినాలి. ద్రవమైతే రెవీఇత్, ఒక లెక్కన 86 మిల్లీలీటర్లు, ఆగకుండా తాగాలి. ఇక్కడ ఇబ్బంది పడేది టీ తాగేవాళ్లు. వేడి టీ ఊదుకుంటూ గుక్కగుక్కగా తాగితే ఆ కొలత ఒక్కసారి లోపలికి పోదు, వెనక బెరాఖా చెప్పాలా వద్దా అని సందేహం. బెరాఖాల్లో సందేహం వస్తే మానెయ్యడమే నియమం. అందుకని కొందరు చివర్లో ఆ కొలతంత మిగిల్చి, చల్లారాక ఒకే గుక్కలో తాగి చెప్తారు. కాస్త చాదస్తంగానే కనిపిస్తుంది, కాదనను.

రొట్టెతో తిన్నాక చెప్పేది "బిర్కత్ హమజోన్". దీనికి ఆధారం ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం 10వ వచనం: తిని తృప్తిపొందాక స్తుతించాలి. ఆకలేసినప్పుడు దేవుడు గుర్తుకురావడం వింత కాదు. ఆ అధ్యాయం భయపడేది కడుపు నిండినవాడి మరుపు గురించి. కూర్చున్నచోటే చెప్పాలి. ఆలస్యమైతే అరుగుదల అయ్యేలోపు. మామూలుగా 72 నిమిషాలంటారు. ముగ్గురు కలిసి తింటే ఒకరు మిగతావాళ్లని పిలిచి మొదలుపెడతారు. షబ్బాత్ నాడు "రెత్సే" అనే భాగం కలపాలి. మొదటి రెండు భోజనాల్లో అది మర్చిపోయి నాలుగో బెరాఖా మొదలుపెట్టేస్తే మొత్తం మొదటికి రావాల్సిందే.

నాలుగు బెరాఖాల్లో మొదటిది తిండికి, రెండోది దేశానికి, మూడోది యెరూషలేముకి. నాలుగోది వేరే రకం. రోమన్ల మీద బర్ కోఖ్బా తిరుగుబాటు 135లో బేతార్ కోట పతనంతో ముగిసింది. చచ్చినవాళ్లను పూడ్చిపెట్టనివ్వలేదు. తర్వాత అనుమతి వచ్చిన రోజున యవ్నెలోని పండితులు ఈ బెరాఖా పెట్టారని బెరాఖోత్ 48వ పత్రం చెప్తుంది. "హతోవ్", మంచివాడు: శవాలు కుళ్లిపోలేదు. "వెహమేతీవ్", మేలు చేసేవాడు: పూడ్చడానికి దక్కాయి. ఓడిపోయారు, దేశం పోయింది. గెలిచామని అనలేదు, మంచికే జరిగిందని అనలేదు. ఆ శిథిలంలో నిజంగా మేలు అనదగ్గవి రెండు దొరికాయి, ఆ రెంటికే చెప్పారు. ఇప్పటికీ రోజూ భోజనం చివర అదే చెప్తున్నారు.

చెడ్డవార్తకి వేరే బెరాఖా ఉంది: "దయ్యన్ హాఎమెత్", సత్యమైన న్యాయాధిపతి అని. చావు కబురు విన్నప్పుడు చెప్పేది ఇది. తల్ముద్‌కి మూలమైన మిష్నా, చెడుకి కూడా మంచికి చెప్పినట్టే బెరాఖా చెప్పమంటుంది. అదే బెరాఖా చెప్పమనలేదు. తండ్రి పోయాడు, కొడుక్కి ఆస్తి వచ్చింది. అప్పుడు? ముందు "దయ్యన్ హాఎమెత్". ఆ తర్వాత ఆస్తికి: వాటాదారులైన అన్నదమ్ములుంటే "హతోవ్ వెహమేతీవ్", ఒక్కడే అయితే "షెహెహెయాను". దుఃఖాన్ని ఆస్తితో కప్పెట్టరు, ఆస్తి దక్కలేదని నటించనూ నటించరు.

దేవుడి సంగతి అలా ఉంచి, మనుషుల దగ్గరికొద్దాం. దీన్ని "హకరత్ హతోవ్" అంటారు, మేలుని గుర్తించడం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మనం దేన్నంటామో దాని మీద తల్ముద్‌కి చాలా కోపం: నువ్వు నీళ్లు తాగిన బావిలో మట్టిగడ్డ వెయ్యకు అంటుంది. ఐగుప్తు తెగుళ్లలో మొదటిదానికి నైలునది నీళ్లను కొట్టింది మోషే కాదు, అహరోను. పసివాడిగా బుట్టలో ఉన్నప్పుడు తనను కాచిన నీళ్లు కాబట్టి మోషే కొట్టకూడదని మిద్రాష్, అంటే లేఖనాల మీద పాత పండితుల వ్యాఖ్యానం, ఇచ్చే వివరణ. నీళ్లకేమైనా నొప్పా? లేదు. కొట్టే చేతికి అలవాటు కాకూడదని.

బెన్ జోమా అనే పండితుడి మాటలు బెరాఖోత్ 58వ పత్రంలో ఉన్నాయి. ఆదాము ఒక రొట్టె తినాలంటే దున్నాలి, విత్తాలి, కొయ్యాలి, మోపులు కట్టాలి, నూర్చాలి, తూర్పారబట్టాలి, ఏరాలి, విసరాలి, జల్లించాలి, పిసకాలి, కాల్చాలి, పదకొండు పనులు. నేను పొద్దున్నే లేచేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి అంటాడు. ఆ వెంటనే ఇద్దరు అతిథుల్ని చూపిస్తాడు. మంచి అతిథి: "ఇంటాయన ఎంత శ్రమపడ్డాడు! ఎంత మాంసం, ఎంత ద్రాక్షారసం, ఎన్ని రొట్టెలు! అంతా నాకోసమే." చెడ్డ అతిథి: "ఏం శ్రమపడ్డాడు? నేను తిన్నది ఒక రొట్టె, ఒక ముక్క, తాగింది ఒక గిన్నె. చేసిందంతా పెళ్లాం బిడ్డలకోసమే." గమనించండి, చెడ్డ అతిథి చెప్పిన లెక్క తప్పు కాదు. అతను తనకి ముట్టినదాన్ని లెక్కపెట్టాడు. మొదటివాడు అవతలివాడు పెట్టినదాన్ని లెక్కపెట్టాడు.

దేవాలయం ఉన్న కాలంలో ప్రమాదం తప్పినవాడు "తోదా", కృతజ్ఞతార్పణ, తెచ్చేవాడు. లేవీయకాండం 7వ అధ్యాయం. ఒక జంతువు, దాంతో 40 రొట్టెలు: పులియనివి మూడు రకాలు పదేసి, పులిసినవి పది. పిండి మొత్తం 20 ఇస్సారోన్లు. ఇస్సారోన్ అంటే సుమారు రెండున్నర లీటర్లు. అందులో సగం ఆ పది పులిసిన రొట్టెలకే పోతుంది, ఒక్కోదానికి ఒక ఇస్సారోన్. పులియనివి ఇస్సారోన్‌కి మూడు. నాలుగు రొట్టెలు యాజకుడికి, 36 ఇంటాయనకి. ఇక గడువు: మామూలు సమాధానబలి మాంసాన్ని రెండు పగళ్లు, మధ్యలో ఒక రాత్రి తినొచ్చు. తోదాకి ఆ పగలు, ఆ రాత్రే, అదీ పండితుల కట్టడి ప్రకారం అర్ధరాత్రి దాకా. మిగిలితే కాల్చెయ్యాలి. అంత తిండి, అంత తక్కువ వ్యవధిలో ఒక ఇంట్లోవాళ్లు తినలేరు. పదిమందిని పిలవాల్సిందే, పిలిస్తే ఏం జరిగిందో చెప్పాల్సిందే. వ్యాఖ్యాతలు ఈ గడువుకి చెప్పే కారణం ఇదే, నాకూ ఇదే సబబనిపిస్తుంది.

ఇప్పుడు దేవాలయం లేదు. దాని చోట "బిర్కత్ హగోమెల్" ఉంది. 107వ కీర్తన ఆధారంగా నలుగురికి: సముద్రం దాటినవాడు, ఎడారి దాటినవాడు, జబ్బు నుంచి లేచినవాడు, చెర నుంచి విడుదలైనవాడు. సముద్రం మీదుగా విమానంలో వచ్చినవాళ్లూ ఇప్పుడు చెప్తున్నారు. వీలైతే మూడు రోజుల్లోపు, పదిమంది పురుషుల ఎదుట, మామూలుగా తోరా పఠనం దగ్గర. అర్హత లేనివాళ్లకి మేలు చేసే నువ్వు నాకు మేలు చేశావు అని చెప్తే, సభ అంతా నీకు మేలు చేసినవాడు ఎప్పటికీ మేలే చెయ్యాలి అని బదులివ్వాలి. ఒంటరిగా గదిలో చెప్పుకునేది కాదిది. మహారాష్ట్రలోని బెనే ఇజ్రాయెల్ యూదులకి దీనితో పాటు "మలిదా" ఉంది: అటుకులు, కొబ్బరికోరు, చక్కెర, యాలకులు కలిపి పళ్లెంలో పెట్టి, చుట్టూ పళ్లు పేర్చి, ఏలియా ప్రవక్తను తలుచుకుంటూ పాడి, అందరికీ పంచుతారు. మొక్కు తీరినా, జబ్బు నయమైనా ఇంట్లో ఇదే చేస్తారు.

ఎదుటివాడిలో మంచి చూడటం ఇంకా కష్టమైన పని. తల్ముద్‌లో షబ్బాత్ అనే భాగం 127వ పత్రంలో ఒక కథ. గలిలయ వాడొకడు దక్షిణాదిన ఒక ఆసామి దగ్గర మూడేళ్లు పనిచేశాడు. యోమ్ కిప్పూర్ అనే ఉపవాస దినానికి ముందురోజు, పెళ్లాం బిడ్డల్ని పోషించుకోవాలి, కూలి ఇప్పించమన్నాడు. డబ్బు లేదన్నాడు ఆసామి. పోనీ పళ్లివ్వు. లేవు. పొలం? లేదు. పశువులు? లేవు. దిండ్లు, పరుపులు? లేవు. మూటకట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. పండగలయ్యాక ఆసామి కూలితో, తిండీ పానీయాలూ మిఠాయిలూ మోస్తున్న మూడు గాడిదలతో వాళ్లింటికొచ్చాడు. తిన్నాక అడిగాడు: డబ్బు లేదన్నప్పుడు నన్నేమనుకున్నావు? సరుకేదో చవగ్గా దొరికితే కొనుంటావు అనుకున్నా. పశువులు? బాడుగకిచ్చుంటావు. పొలం? కౌలుకిచ్చుంటావు. పళ్లు? వాటికి ఇంకా దశమభాగం తీసుండవు. దిండ్లు? ఆస్తంతా దేవుడికి మొక్కేసుంటావు. "ఒట్టు, అదే జరిగింది! కొడుకు తోరా చదవట్లేదని ఆస్తంతా మొక్కేశాను. తర్వాత పండితులు విడిపించారు."

చూడండి, అతను "మంచివాడేలే" అని ఊరుకోలేదు. ఐదు "లేదు"లకి ఐదు వేరువేరు కారణాలు వెతికాడు, ప్రతిదీ లోకంలో జరగగలిగేదే.

బ్రెస్లావ్‌కి చెందిన రబ్బీ నహ్మాన్, 1810లో ఉమాన్‌లో చనిపోయారు, ఇదే పద్ధతిని తన మీద తాను వాడుకోమన్నారు. నీలో ఒక్క మంచీ లేదనిపించినప్పుడు ఏదో ఒక చిన్న మంచిపని వెతుకు. అందులోనూ స్వార్థం కనిపిస్తుంది. అయినా దానిలో ఒక మంచి చుక్క ఉంటుంది, దాన్ని పట్టుకుని ఇంకోటి వెతుకు అంటారు. నిరాశపడ్డవాడు ప్రార్థించలేడు, ఆయన భయం అదీ.

దీన్ని దుర్వినియోగం చేసేవాళ్లూ ఉన్నారు. దెబ్బతిన్నవాడి దగ్గరికెళ్లి "మంచే చూడు" అని నోరు మూయించడం. శాస్త్రం అలా అనలేదు. మిష్నా చెప్పిన "ప్రతివాణ్ణీ మంచివైపు తూచు" అనే మాటకి పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిదెస్ హద్దులు గీశారు: తెలియనివాడి పని రెండు రకాలుగానూ కనిపిస్తే మంచివైపు, సజ్జనుడని తెలిసినవాడిదైతే చెడుగా కనిపించినా మంచివైపు, దుర్మార్గుడని పేరుపడ్డవాడు మంచిగా కనిపించినా జాగ్రత్త. డబ్బు, ఇల్లు, పిల్లల భద్రత ఉన్నచోట మర్యాద వేరు, అప్రమత్తత వేరు.

దీనికి దెరెఖ్ ఎరెత్స్ రబ్బా అనే పాత మర్యాదల గ్రంథంలో ఒక కథ ఉంది. రబ్బీ యెహోషువ ఇంటికి ఒకడొచ్చాడు. తిండి పెట్టాడు, తాగడానికిచ్చాడు, పడుకోమని మేడగదికి ఎక్కించాడు, తర్వాత నిచ్చెన తీసేశాడు. అర్ధరాత్రి వాడు ఇంట్లో సామాన్లు పైబట్టలో మూటగట్టుకుని దిగబోయి, నిచ్చెన లేక కింద పడ్డాడు. పొద్దున్నే రబ్బీ వచ్చి, ఇదేనా నువ్వు చేసే పని అన్నాడు. "అయ్యా, నిచ్చెన తీసేశారని నాకు తెలీదు" అన్నాడు వాడు. "రాత్రి నువ్వొచ్చినప్పటి నుంచీ మేం జాగ్రత్తగానే ఉన్నామని తెలీదా?" అన్నాడు రబ్బీ.